తెలుగు బోర్డుకి లావుగా, కొసలు గుండ్రంగా, పక్కకి వాలిన అక్షరం కావాలంటే

మీరు అడిగింది ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఒక దుకాణానికి 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు. దాని మీద ‘పచ్చళ్లు పిండివంటలు’ అని ఒకే వరసలో, లోపల ఎల్‌ఈడీ వెలిగే యాక్రిలిక్ అక్షరాలు. దుకాణం ఆయన ఒక ఇంగ్లిషు కూల్‌డ్రింకు బోర్డు ఫొటో చూపించి, లావుగా, కొసలు గుండ్రంగా, కుడికి వాలి అలాగే ఉండాలన్నారు. మీరు కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పెట్టి 15 డిగ్రీలు స్క్యూ (పక్కకి తోసే ఆదేశం) ఇస్తే అవి పరిగెడుతున్నట్టు కాకుండా పడిపోతున్నట్టు వచ్చాయి. పైగా ‘ప’ చూస్తే ‘వ’లా ఉంది. తెలుగులో అసలు బోల్డ్ ఇటాలిక్ రౌండ్ ఫాంటు ఉందా, లేకపోతే దారేమిటి అన్నది ప్రశ్న.

ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో మీకు పనికొచ్చేవి బాలూ తమ్ముడు 2, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, రామభద్ర. వీటిలో దేనికీ విడిగా గీసిన ఇటాలిక్ లేదు. హింద్ గుంటూరుకి మీ ఊరి పేరే ఉన్నా అందులోనూ లైట్ నుంచి బోల్డ్ దాకా 5 బరువులే (గీత లావులో మెట్లు), వాలిన రూపం లేదు. ఇది ఆ ఫాంట్లు చేసినవాళ్ల అశ్రద్ధ కాదు. ఇటాలిక్ అనేది 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన చిన్న పుస్తకాలతో వాడుకలోకి వచ్చింది. ఆనాటి ఇటలీ చేతిరాతకి దగ్గరి రూపం అది. తెలుగు అచ్చులో అలాంటి రెండో రూపం స్థిరపడలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఐ బటన్ నొక్కితే కంప్యూటరు నిలువు అక్షరాన్నే పక్కకి తోస్తుంది, అంతే.

ఆ తోపుడు ఇంగ్లిషులో కొంతవరకు చెల్లుతుంది, తెలుగులో చెల్లదు. ఇంగ్లిషులో నిలువు గీతలు బోలెడు. హెచ్, ఎల్, ఎన్ లాంటివాటి గీతలు వాలగానే కన్ను ఆ వాలుని పట్టుకుంటుంది. తెలుగులో నిలువు గీత దాదాపు లేదు, అంతా వంపులే. గుండ్రాన్ని పక్కకి తోస్తే ఏమవుతుందో సున్న మీద చూడండి. దాన్ని 8 డిగ్రీలు తోసినా 15 డిగ్రీలు తోసినా గుడ్డు ఆకారం వస్తుంది. ఆ గుడ్డు పొడుగు ఇరుసు నేలకి 41 నుంచి 43 డిగ్రీల దగ్గర పడుతుంది. మీరు ఇచ్చిన వాలు 15 అయినా కంటికి కనపడేది 41 డిగ్రీల దగ్గరికి ఒరిగిన గుడ్డు. ‘పడిపోతున్నట్టు’ అని మీకు అనిపించింది ఇదే. వాలిన తెలుగు అక్షరం ఏ బోర్డు మీద కనపడినా మొదట సున్న వైపు చూడండి, మంచీ చెడ్డా అక్కడే తెలిసిపోతుంది.

రెండో దెబ్బ గీత మందం మీద పడుతుంది. ఒకే మందం ఉన్న గుండ్రాన్ని కుడికి తోస్తే కుడి పైభాగం, ఎడమ అడుగుభాగం లావెక్కుతాయి. ఎడమ పైభాగం, కుడి అడుగుభాగం సన్నబడతాయి. 50 మి.మీ. గీతకి 15 డిగ్రీలు ఇస్తే ఒకచోట 57, ఇంకోచోట 44 అవుతుంది. అంటే ఒకే గుండ్రంలో 13 మి.మీ. తేడా. 8 డిగ్రీలకైతే 53.6, 46.6. సన్నటి అక్షరంలో ఈ తేడా కనపడదు కానీ లావు అక్షరంలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గుండ్రటి కొసలు కూడా అర్ధచంద్రం పోయి ఒకవైపు నొక్కినట్టు అవుతాయి. దుకాణం ఆయన మనసుపడింది ఆ కొసల మీదే కదా.

కాబట్టి పూర్తయిన అక్షరాన్ని వాల్చకూడదు. అక్షరం ఎముకని, అంటే గీత మధ్యగా పోయే సన్న రేఖని వాల్చి, ఆ తర్వాత దానికి కండ పెట్టాలి. అప్పుడు మందం ఎక్కడా మారదు, కొసలు అచ్చమైన అర్ధచంద్రాలుగా ఉంటాయి. మీ బోర్డు మీద ఉన్నవి ఎనిమిది అక్షరాలు, రెండు సున్నలు. చెయ్యి తిరిగిన ఆపరేటర్‌కి ఒక పూట పని.

ముందు కొలతలు తేల్చుకోండి. 3 అడుగుల్లో అక్షరం ఎత్తు 36 అంగుళాలు ఉండదు. పైన గుడి, కింద వత్తు ఉంటాయని మరిచిపోయి అక్షరాన్ని పెద్దది చేసేసి, చివరికి వత్తుల్ని నలిపేసిన బోర్డులు విజయవాడ ఏలూరు రోడ్డు మీద నడిస్తే అడుగడుగునా కనపడతాయి. తలకట్టు పైకొస నుంచి అక్షరం అడుగు దాకా 12 అంగుళాలు పెట్టుకోండి. గుడికి పైన 2, వత్తుకి కింద 7, మొత్తం 21. మిగిలిన 15 అంగుళాల్లో పైన, కింద ఖాళీ పోగా ఒక చిన్న ఇంగ్లిషు వరస పడుతుంది. పొడవులో ఈ రెండు మాటలూ, కింద చెప్పినట్టు కొంచెం కుదిస్తే, వాలుతో కలిపి 10 అడుగుల్లో సర్దుకుంటాయి. రెండు వైపులా చెరో అడుగు మిగులుతుంది. ఆ ఖాళీని ఎవరు అడిగినా ఇవ్వకండి.

గీత మందం అక్షరం ఎత్తులో 16, 17 శాతం. 12 అంగుళాలంటే 305 మి.మీ., కాబట్టి 50 మి.మీ. ఇంగ్లిషు బ్లాక్ ఫాంట్లలా 25 శాతానికి పోవాలని ఆశపడతారు. తెలుగులో తలకట్టు, దాని కింద పై వంపు, ఆ కింద అడుగు వంపు, ఒకదాని మీద ఒకటి మూడు గీతలు పేర్చినట్టు ఉంటాయి. 25 శాతం ఇస్తే మూడు గీతలే ముప్పాతిక ఎత్తు తినేస్తాయి, మిగిలిన పాతికని రెండు ఖాళీలు పంచుకోవాలి. నేను పెట్టే హద్దు ఒకటే. అక్షరంలో ఏ ఖాళీ అయినా గీత మందంలో సగానికి తగ్గకూడదు. ఇక్కడ 25 మి.మీ. అన్నమాట.

ఇక కోరెల్‌డ్రాలో పని. పేజీని 1:10లో పెట్టుకోండి, బోర్డు 366 మి.మీ. × 91 మి.మీ. అవుతుంది. బాలూ తమ్ముడు 2 ఎక్స్‌ట్రాబోల్డ్‌లో మాటలు టైపు చేసి, అక్షరం ఎత్తు 30.5 మి.మీ. చేసి, లేత బూడిద రంగిచ్చి లాక్ చెయ్యండి. ఈ ఫాంటు ఇప్పటికే లావుగా, మెత్తటి కొసలతో ఉంటుంది, గీత నడక నేర్పడానికి మంచి గురువు. పాత కోరెల్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతాయి. అప్పుడు వేరే కంప్యూటరులో పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి.

దాని మీద పెన్ టూల్‌తో ప్రతి గీత నడిమధ్యగా సన్న రేఖ గీయండి. వంపు పైకొస, అడుగు, ఎడమ, కుడి, ఈ నాలుగుచోట్లే నోడ్లు, అంటే వంపుని పట్టి ఉంచే బిందువులు, పెట్టండి. నోడ్లు ఎక్కువైతే వంపు గతుకులు పడుతుంది. రేఖ కొస ఫాంటు కొస దాకా పోకూడదు, సగం మందం ముందే ఆగాలి. అంటే 2.5 మి.మీ. తక్కువ, ఎందుకంటే గుండ్రటి కొస ఆ మేర ముందుకి పొడుచుకొస్తుంది. తలకట్టు కుడి చెయ్యి పక్క అక్షరాన్ని తాకేదంతా ఈ లెక్క మరవడం వల్లే.

రేఖలన్నీ అయ్యాక గ్రూపు చేసి, మొదట అడ్డంగా 90 శాతానికి కుదించండి, ఆ తర్వాతే 8 డిగ్రీలు స్క్యూ. కుదించడం ఎందుకంటే, సున్నని ముందు కొంచెం నిలువుగా చేసి వాలిస్తే దాని ఇరుసు 43 డిగ్రీల దగ్గర కాకుండా 60 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. గుడ్డు ఒరిగినట్టు కాక, మనిషి ముందుకి వంగి నడుస్తున్నట్టు ఉంటుంది. ఇంగ్లిషు ఇటాలిక్‌లు మామూలు రూపం కంటే కొంచెం ఇరుకుగా ఉండడంలోనూ ఈ గుట్టు ఉంది. స్క్యూ పెట్టెలో కోణానికి ప్లస్ ఇస్తే ఎటు వాలుతుందో, మైనస్ ఇస్తే ఎటో ఒకసారి చూసుకోండి, మనకి కుడికి వాలాలి. తెలుగుకి 8 చాలు. 10 దాటిస్తే ‘ళ’, ‘ట’ లాంటివి గుర్తుపట్టడం కష్టమవుతుంది.

ఇప్పుడు ఎఫ్12 నొక్కి ఔట్‌లైన్ పెన్‌లో మందం 5 మి.మీ., కొసలు గుండ్రం, మూలలు గుండ్రం ఎంచుకోండి. అదే పెట్టెలో ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ టిక్కు తప్పనిసరి. అది లేకుండా ఫైలుని 10 రెట్లు పెంచితే అక్షరాలు పెరుగుతాయి, గీత మాత్రం 5 మి.మీ. దగ్గరే ఉండిపోతుంది. మందం కుదిరిందనుకున్నాక కంట్రోల్ షిఫ్ట్ క్యూ కొట్టి ఔట్‌లైన్‌ని ఆబ్జెక్టుగా మార్చి, ఒక్కో అక్షరాన్ని వెల్డ్ చెయ్యండి, అంటే ముక్కల్ని ఒకే ఆకారంగా కలపండి. సన్న రేఖల కాపీ ఒకటి పక్కన దాచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఇక్కడితో యంత్రం పని అయిపోయి కంటి పని మొదలవుతుంది. ఒకే మందం అయినా అడ్డగీతలు నిలువు వంపుల కంటే లావుగా కనపడతాయి. వాటిని 5 శాతం తగ్గించండి. రెండు గీతలు కలిసేచోట, ‘చ’ లోపలి మెలికలో, ‘ళ’ మధ్యలో, సిరా ముద్దలా నల్లగా కనపడుతుంది. అక్కడ 8 నుంచి 10 శాతం సన్నం చెయ్యండి.

వత్తుల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ‘చ్చ’ కింది చ వత్తు, ‘ళ్లు’ కింది ల వత్తు అడుగు గీతకి కిందుగా ఉంటాయి కాబట్టి వాల్చినప్పుడు అవి ఎడమకి జరుగుతాయి, పై అక్షరం కుడికి జరుగుతుంది. 8 డిగ్రీలకి అక్షరం నడుముకీ వత్తు నడుముకీ మధ్య దాదాపు అంగుళం పావు జరుగుడు వస్తుంది. లెక్క ప్రకారం అది సరైనదే, కానీ నిలువు గీతలు లేని లిపిలో కన్ను ఆ వాలు రేఖని ఊహించుకోదు. వత్తు ముందు అక్షరానిదేమో అనిపిస్తుంది. ‘పచ్చళ్లు’లో చ వత్తు ‘ప’ కిందికి పోయినట్టు ఉంటుంది. దాన్ని చేత్తో అర అంగుళం కుడికి జరపండి. మందం విషయంలో, వత్తుని అక్షరంతో పాటే 60 శాతానికి కుదిస్తే గీత 30 మి.మీ.కి పడిపోయి పిల్ల అక్షరంలా కనపడుతుంది. వత్తు రేఖకి విడిగా 40 మి.మీ. ఇవ్వండి, అంటే ప్రధాన గీతలో 80 శాతం. తలకట్టు లేదు కాబట్టి లోపల ఇరుకు రాదు.

ఇక ‘ప’. ‘ప’కీ ‘వ’కీ మధ్య తేడా అంతా తలకట్టు కింద ఉన్న ఖాళీ. వ తలకట్టు ఒంటికి అతుక్కుంటుంది, ప తలకట్టు అతుక్కోదు. ‘పి’కీ ‘వి’కీ తేడా కూడా పైభాగంలో ఖాళీయే. మీ మాటల్లో ‘ప’, ‘పి’, ‘వ’ మూడూ ఉన్నాయి, ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. బోల్డ్ చేసేకొద్దీ మూసుకుపోయేది మొదట ఈ ఖాళీనే. కాగితం మీద 25 మి.మీ. చాలు, కానీ ఇది వెలిగే బోర్డు. రాత్రి వెలుగు అంచు దాటి చిమ్ముతుంది, గీతలు ఉన్నదాని కంటే లావుగా కనపడతాయి. పగలు ‘పచ్చళ్లు’గా ఉన్నది రాత్రి ‘వచ్చళ్లు’ అవుతుంది. అందుకని ఈ ఒక్కచోట 35 మి.మీ. వదలండి, తలకట్టుని కొంచెం పైకెత్తినా తప్పులేదు. అక్షరాల చుట్టూ తెల్ల బోర్డరు అడిగితే అది కూడా ఖాళీలోంచే పోతుంది. 25 మి.మీ. ఖాళీలో రెండు వైపులా 8 చొప్పున బోర్డరు వేస్తే మిగిలేది 9.

ఈ పద్ధతి వేరే మాటలకి వాడేటప్పుడు మహాప్రాణాల ఒత్తు గుర్తుంచుకోండి. గుండ్రటి కొసలున్న గీత పొడవు దాని మందానికి సమానమైతే అది గీత కాదు, చుక్క. ‘ధరలు’లో ధ కింద ఒత్తు చుక్కైపోతే దూరం నుంచి ‘దరలు’ అనే చదువుతారు. ఒత్తు పొడవు మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. చోటు చాలకపోతే ఒత్తు మందం తగ్గించండి కానీ పొడవు తగ్గించకండి.

ఇంత గీసే తీరిక లేకపోతే దగ్గరదారి ఒకటి ఉంది, ఫలితం ఒక మెట్టు తక్కువ. బాలూ తమ్ముడు 2 ఎక్స్‌ట్రాబోల్డ్‌ని కర్వ్స్ చేసి (టైపు చేసిన అక్షరాన్ని గీతలుగా మార్చి), వెల్డ్ చేసి, 92 శాతానికి కుదించి, 6 డిగ్రీలు మాత్రమే వాల్చండి. సున్నల్ని, వత్తుల్ని విడిగా సరిచెయ్యండి. హింద్ గుంటూరు బోల్డ్ లాంటి చెక్కిన కొసలున్న ఫాంటుతో చెయ్యాలంటే కొసల్ని గుండ్రం చెయ్యడానికి కాంటూర్ (అంచుని లోపలికో బయటికో జరిపే ఆదేశం) వాడవచ్చు. గుండ్రటి మూలల ఎంపికతో లోపలికి కొంత, మళ్లీ అంతే బయటికి. ఆ ‘కొంత’ అక్షరంలో అతి సన్నటి గీత మందంలో సగానికి తక్కువ ఉండాలి, లేకపోతే లోపలికి పోయినప్పుడు ఆ గీత మాయమై మళ్లీ రాదు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) చేసేవాళ్లు కాంటూర్‌కి ముందే వెల్డ్ చెయ్యాలి. అక్కడ తలకట్టు, గుడి, ఒళ్లు విడి ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, వెల్డ్ లేకపోతే ప్లాటరు (గీసే, కోసే యంత్రం) ఆ ఎక్కిన గీతల మీదుగా కూడా కోసేస్తుంది.

ఇంగ్లిషు వరసకి న్యునీటో బ్లాక్ ఇటాలిక్ వాడండి. కొసలు గుండ్రంగా ఉండి, నిజంగా గీసిన ఇటాలిక్ ఉన్న ఉచిత ఫాంటు అది. వరేలా రౌండ్, ఫ్రెడోకా చూడ్డానికి బాగుంటాయి కానీ వాటికి ఇటాలిక్ లేదు. ఇంగ్లిషు ఎల్ నిలువు గీత వాలు కొలిచి, దాన్ని తెలుగు 8 డిగ్రీల పక్కన పెట్టి చూడండి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఫరవాలేదు. ఫోను నంబరు మాత్రం వాల్చకండి, బ్లాక్ కూడా వద్దు. గుండ్రటి లావు అంకెల్లో 3, 6, 8 ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. నంబరు నిలువుగా, సెమీబోల్డ్‌లో ఉంటే రోడ్డవతల నుంచి కూడా ఎక్కించుకోవచ్చు.

కటింగ్‌కి ఇచ్చే ముందు 1:10 ఫైలుని ఏ3 కాగితం మీద నల్లగా ప్రింటు తీసి గోడకి అంటించి 5 అడుగుల దూరం నుంచి చూడండి. అది 50 అడుగుల అవతల నుంచి అసలు బోర్డు చూసినట్టే. కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ నల్లముద్ద కడుతోందో తెలుస్తుంది. బోర్డులవాళ్ల లెక్కలో 10 అడుగుల దూరానికి 1 అంగుళం అక్షరం అంటారు. అది ఇంగ్లిషు పెద్దక్షరాలకి సరిపోతుంది, తెలుగు లావు అక్షరానికి ఒకటిన్నర అంగుళం వేసుకోండి. ఆ లెక్కన 12 అంగుళాల అక్షరం 80 అడుగుల దాకా హాయిగా చదవొచ్చు. మీ రోడ్డుకి ఎక్కువే.

అక్షరాల పెట్టె తయారీలో 50 మి.మీ. గీతకి ఎల్‌ఈడీ మాడ్యూల్ (దీపాలున్న చిన్న ముక్క) ఒక్క వరస నడుస్తుంది, 40 మి.మీ. వత్తులో కూడా ఇరుక్కోకుండా పడుతుంది. గుండ్రటి కొసల దగ్గర జాగ్రత్త. మాడ్యూల్‌ని కొసకి 25, 30 మి.మీ. లోపు తీసుకెళ్లకపోతే ఆ అర్ధచంద్రం చీకటిగా ఉండి రాత్రిపూట కొస తెగినట్టు కనపడుతుంది. పెట్టె లోతు 2 అంగుళాలకి తగ్గితే ముఖం మీద దీపాల చుక్కలు కనపడతాయి, 3 ఉంటే వెలుగు సమంగా పరుచుకుంటుంది. సీఎన్‌సీ కోత యంత్రంలో 6 మి.మీ. బిట్టుతో కోస్తే లోపలి మూలలు 3 మి.మీ. గుండ్రం వస్తాయి. మామూలు ఫాంటుకి అది లోపం, మనకి కలిసొచ్చే సంగతి.

బిగింపు దగ్గర తెలుగుకి ఇంగ్లిషుకి లేని ఇబ్బంది ఒకటుంది. ప తలకట్టు, చ వత్తు, ల వత్తు, రెండు సున్నలు, ఈ అయిదూ ఒంటరి ముక్కలు. మీరు గీసిన తీరుని బట్టి పి గుడి కూడా విడిగా రావచ్చు. ఒక్కోదానికి విడిగా వైరు రంధ్రం, కనీసం రెండు స్టడ్‌లు (బోర్డుకి బిగించే మర కడ్డీలు) కావాలి. ఒక్క స్టడ్ మీద నిలబెట్టిన తలకట్టు గాలివానకి తిరిగిపోయి ‘ప’ని ‘వ’ చేసేస్తుంది. వాలిన అక్షరాల్లో వీటిని కంటి అంచనాతో పెట్టడం కుదరదు, టేపు పెట్టి నిలువు చూసినా తప్పుతుంది. 1:1 కాగితం టెంప్లేటు ప్లాటరు మీద గీయించి, దాని మీద అడుగు గీత, వత్తుల అడుగు గీత, రెండూ బోర్డు పొడవునా గీయించండి. ప్రతి స్టడ్‌కీ, ప్రతి వైరుకీ రంధ్రం గుర్తు కాగితం మీదే ఉండాలి. ఏసీపీ షీటుకి (అక్షరాల వెనక ఉండే అల్యూమినియం పలక) టెంప్లేటు అంటించి, దాని మీద నుంచే డ్రిల్లు వేసి, అన్ని రంధ్రాలూ అయ్యాకే కాగితం చింపమని బిగించేవాళ్లకి చెప్పండి.